మెన్నా పేరున్న పలక

లౌరి ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. మొదటి భార్య మెన్నా క్షయతో పోయి అప్పటికి ఆరేళ్లు. ఆమె బట్టలు పంచేశారు, మంచం అమ్మేశారు. ముందుగదిలో చలి కాచుకునే గోడపొయ్యి మాత్రం అలాగే ఉంది. మెన్నాతో పెళ్లయిన ఏడాది ఆమె భర్త ఎమ్రిస్ తాను పనిచేసే గని నుంచి నల్లపలక రాయి తెచ్చి, పొయ్యి పైన అమర్చే పలకను స్వయంగా చెక్కాడు. చుట్టూ నక్షత్రాలు, నడుమ మెన్నా పేరులోని మొదటి అక్షరం.

రోజూ బూడిద ఎత్తి, ఆ అక్షరాన్ని తుడవడం లౌరి పని.

"మెన్నా అయితే పాలు వేసి రుద్దేది. అద్దంలా ఉండేది," అనేది అత్త కాత్రిన్.

లౌరికి ఒళ్లు మండేది. చివరికి కొత్త పొయ్యి కోసం బాంగర్ పట్నం వెళ్లి, దుకాణంలో ఒక పూటంతా తిరిగింది. గోధుమరంగు పెంకులది బురదలా ఉంది, గులాబీది పచ్చి మాంసంలా ఉంది. లేతాకుపచ్చది, అంచులు మెట్లుమెట్లుగా ఉన్నది నచ్చింది.

"నీ ఇష్టం," అన్నాడు ఎమ్రిస్.

పోట్లాడినా బాగుండేదనిపించింది ఆమెకు.

పాత పలకను అంచు కూడా చెదరకుండా ఊడదీసి, దుప్పటి చుట్టి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పెరట్లోని బట్టలుతికే గదిలో పెట్టాడతను. నన్నెప్పుడైనా ఇలా ఎత్తాడా అనుకుంది లౌరి.

కొత్త పొయ్యి మీద మధ్యలో గడియారం, చెరో కొసన పింగాణీ కుక్క, పక్కన ఇత్తడి దీపస్తంభాలు. పదిసార్లు అటూ ఇటూ మార్చి సర్దింది. ఇరుగుపొరుగు వచ్చి మెచ్చుకున్నారు. ఎమ్రిస్ కూడా, ఎవరి ఇల్లో చూసినట్టు, "బాగుంది" అన్నాడు.

ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక అతను కనిపించలేదు. చూస్తే, బట్టలుతికే గదిలో పలక మీది గీతల వెంట వేలు నడుపుతున్నాడు.

"దానితోనే కాపురం చెయ్యి! నన్నెందుకు తెచ్చుకున్నావయ్యా?"

"మెన్నా కోసం కాదే. ఈ గీత చూడు, ఎంత తిన్నగా ఉందో. అప్పుడు నాకు ఇరవైమూడు. ఇప్పుడు ఉలి పడితే ఇదీ." చెయ్యి చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి.

ఇన్నాళ్లూ తాను గమనించనే లేదు. సిగ్గేసింది లౌరికి. అయినా కడుపుమంట ఆరలేదు.

"అయితే నీ మంచి చేతులు కూడా ఆవిడే పట్టుకుపోయిందన్నమాట."

ఎమ్రిస్ నవ్వబోయి దగ్గాడు.

"నాకూ చెక్కు," అంది ఆమె. "వంకరొస్తే రానీ."

అరచేతంత పలక ముక్క చెక్కడానికి ఈస్టర్ దాకా పట్టింది. లౌరి గడియారాన్ని పక్కకు జరిపి దాన్ని నడిమధ్య నిలబెట్టింది.

కాత్రిన్ కళ్లద్దాలు పెట్టుకుంది. "ఇదేంటే, అక్షరం తాగినట్టు తూలుతోంది?"

"నా అక్షరం అత్తా. నా ఇష్టమొచ్చినట్టు తూలుతుంది."

ఆ సోమవారం బట్టలుతకడానికి వెళ్లినప్పుడు, మోకాలు ఆనించి, ఒంటరిగా, ఆ పెద్ద పలకను గోడవైపు తిప్పేసింది. సాయంత్రం ఎమ్రిస్ చూశాడు. దాన్ని మళ్లీ ఇటు తిప్పలేదు.