గాలి బరువు వరుస

చర్చి కరపత్రం చింపి చేసిన కాగితం పట్టీని వరుస కింద పెట్టుకుని, ఒక్కో వరుసా దింపుకుంటూ పని చేస్తుంది కారుణ్య. పదో తరగతి మధ్యలో మానేసిన పిల్ల. ఇంగ్లీషు పేజీ మొత్తం ఒక్కసారి కనబడితే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఖిదిర్‌పూర్ రేవు దగ్గరి ఈ ఆఫీసులో మాత్రం ఇంటర్ పాసయ్యానని చెప్పి చేరింది.

వంతెనలూ క్రేన్లూ ఎంత బరువుకు తట్టుకుంటాయో కంప్యూటర్లోనే కట్టి చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. అందులో ప్రతి ఆజ్ఞకీ ఒక పొడుగు పేరు, రెండు మూడక్షరాల పొట్టిపేరు ఉంటాయి. కొత్త వెర్షన్‌లో పొట్టిపేర్లన్నీ మార్చేశారు. వాటి పట్టిక రాయడం కారుణ్య పని. ఇంజనీర్లు ఆ పట్టిక చూసే లెక్కలు కడతారు.

ఆ మధ్యాహ్నం పట్టికను మళ్లీ చూసుకుంటూంటే, నూట పన్నెండో వరుస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. గాలి బరువు వెయ్యమనే ఆజ్ఞ అది. దాని పక్కనున్నది మాత్రం కింది వరుసలోని పొట్టిపేరు, గాలి బరువు తీసెయ్యమనేది. రెండు వరుసల్లోనూ అదే ఉంది.

సోమవారం సరిగ్గా ఈ వరుస రాస్తూంటేనే అత్త అచ్చమ్మ ఫోన్ చేసింది. "నీ కూతురు నిషాకి ఒల్లు కాలిపోతంది. నువ్వక్కడ ఫేను కింద దొరసానిలాగ కూకో!" కంగారులో చెయ్యి తగిలి పట్టీ ఒక వరుస కిందికి జారింది.

నిన్న ఇంజనీరు ప్రదీప్‌కుమార్ ఆ పట్టిక చూసే రేవు క్రేను లెక్క కట్టాడు. పాత క్రేనుకి చెయ్యి పొడిగించారు. గాలి వేస్తున్నాననుకుని అతను కొట్టింది తీసెయ్యమనే ఆజ్ఞ; తీసెయ్యడానికి గాలి లేకపోయినా ఆ సాఫ్ట్‌వేర్ తప్పని చెప్పదు. క్రేను పాసైందని రేవుకి కాగితం వెళ్లిపోయింది. ఇవాళ మూడింటికి నిండు బరువెత్తి చూస్తారు. కొక్కేనికి బరువు కట్టేది ఆమె మొగుడు జాబేజ్.

"మీ ఆపీసోల్లే లెక్క కట్టేరంట కదా, ఇంకేటి బయ్యం నాకు?" అని పొద్దున నవ్వుతూ వెళ్లాడు.

రెండూ పది. కిటికీలోంచి చూస్తే ఆకాశం వాయవ్యంలో కాటుకలా కమ్ముకొస్తోంది. కాల్‌బైశాఖి! ఆ గాలివాన మీద పడితే రేకులే నిలవవు. జాబేజ్‌కి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయిస్తారు.

వరుస దిద్దేస్తే ఎవరికీ తెలీదు. కానీ వెళ్లిపోయిన కాగితాన్ని ఎవరు దిద్దుతారు? తప్పు ఒప్పుకుంటే చదువు సంగతి బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. లేచి ప్రదీప్‌కుమార్ బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఏమైందమ్మా, మొహం గట్లైంది?"

"సార్, మీ క్రేనుకి గాలి తగల్లేదు సార్. పట్టికలో గాలి వరుస తప్పు రాసేను, తప్పు నాదే. నాను ఇంటర్ చదవలేదు. ఆ కొక్కెం కింద మా ఆయనున్నాడు."

అతను వెంటనే గాలి వేసి లెక్క మళ్లీ నడిపాడు. తెర మీద క్రేను చెయ్యి అతుకు దగ్గర విరుగుతుందన్నట్టు ఎర్రబడింది. ఫోనందుకుని రేవుకి చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. నాలుగోసారి ఎవరో ఎత్తారు.

"దాదా, ఎత్తకండి! బరువు విప్పేయండి!"

పావుగంటకి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. మూడున్నరకి జాబేజ్ ఫోన్.

"ఏ బుర్రలేనోడు చెప్పేడో, కట్టినదంతా ఇప్పించీసేరే! తడిసి ముద్దయిపోనాను."

ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఏటే, ఉన్నావా?"

"ఉన్నాను," అంది.

ప్రదీప్‌కుమార్ కుర్చీ లాక్కొచ్చి పక్కన కూర్చున్నాడు. "చదువు సంగతి తర్వాత చూద్దాం. ముందు పట్టిక తియ్యి. నువ్వు చదువు, నేను చూస్త."

నూట పద్నాలుగు నుంచి ఇంకా రెండు వందల వరుసలున్నాయి. పట్టీ ఆ ఒక్కసారే జారిందా? వంతెనల లెక్కలు కట్టేవాళ్లు కూడా ఈ పట్టికే తీసుకెళ్లారు. కారుణ్య చెమట వేలితో పట్టీని అదిమి పట్టుకుని, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది.