కల్సోం అక్క నమ్మకం

మలేషియాలోని ఇపో ఊళ్లో హోటళ్లకు కోళ్లు, చేపలు, కొబ్బరిపాలు చేరవేసే లారీలు బోలెడున్నాయి. కల్సోం అక్క మాత్రం మెంగ్ లారీని తప్ప మరో లారీని తన అన్నం కొట్టు ముందు ఆగనిచ్చేది కాదు. ఆమె మలయ్ ముస్లిం, అతను చీనావాడు. లారీలో ఎక్కేదంతా హలాల్ సరుకే. డ్రైవరు తన మధ్యాహ్నం తిండిలో కూడా పంది ముక్క తెచ్చుకోకూడదని లారీ యజమాని కట్టడి. ఇన్నేళ్లూ మెంగ్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు.

"ఏమయ్యా మెంగ్, నీ లారీ వచ్చేసరికి ఆ కోళ్లకి మళ్లీ ఈకలు మొలిచేట్టున్నాయి!" అని వెక్కిరించేది కల్సోం అక్క.

"మొలవనీ అక్కా, ఎగిరొచ్చి నీ కుండలోనే పడతాయి. నాకు మోత తప్పుతుంది."

నవ్వుతూనే అరిటాకులో అన్నం పొట్లం కట్టి అతని చేతిలో కుక్కేది. అలాంటి మనిషికి తాను అన్యాయం చేస్తానని మెంగ్ కలలో కూడా అనుకోలేదు.

ఉపవాసాల నెలలోనే ఆ ఏడు చీనావాళ్ల చింగ్ మింగ్ పండగ కూడా వచ్చింది. ఆ రోజున మెంగ్ వాళ్లు పెద్దల సమాధుల దగ్గర గడ్డి పీకి, మొత్తం పందిని కాల్చి నైవేద్యం పెడతారు. పొద్దున్నే అతని పెద్దక్క సియూ ఫోంగ్ వచ్చి కూర్చుంది. వాళ్ల కారు మొరాయించిందట.

"లారీ నీ గుమ్మంలోనే ఉందిగా. అందులో వేసుకుపోదాం."

"అది పంది ఎక్కకూడని లారీ పెద్దక్కా."

"ఊరందరి కోళ్లూ మోస్తావు, కన్నతండ్రి నైవేద్యమే బరువైందా? పెట్టెలో పెట్టి ప్లాస్టిక్ చుడదాం. ఎవడు చూస్తాడు?"

మెంగ్‌ది మెత్తటి మనసు అంటారు గానీ, నన్నడిగితే అది పిరికితనమే. ఇంట్లోవాళ్లు నిష్ఠూరమాడితే చాలు, తలూపేస్తాడు. పందిని ఎక్కించాడు. గతుకుల దారిలో పెట్టె ఒరిగి, కొవ్వు కారి, లారీ నేలంతా జిడ్డయింది. పంది తగిలిన చోటుని మట్టినీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో ఆరుసార్లు కడగాలి. అది ముస్లింల పద్ధతి ప్రకారం, ఆ పద్ధతి తెలిసినవాళ్ల సమక్షంలో జరగాలి. అదంతా మెంగ్‌కి తెలుసు. ఆ పని చేయించాలంటే యజమానికి చెప్పాలి. చెబితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని సబ్బుతో రుద్ది, వంగి వాసన చూసి, సరేలే అనుకున్నాడు.

మర్నాడు కల్సోం అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. వెక్కిరింపుల్లేవు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పక్కకొట్టు హలీమ్ నిన్న నీ లారీని సమాధుల దారిలో చూశాట్ట. మీవాళ్లు పందిని పట్టుకెళ్లే రోజు కదా అది. వాణ్ణి దులిపేశాననుకో. మా మెంగ్ తల తెగినా ఆ పని చెయ్యడు, నోటికొచ్చినట్టు వాగకు అన్నాను. అయినా నీ నోటితో ఒక్కసారి చెప్పు. ఇవాళ మసీదులో ఉపవాసం విడిచేవాళ్లకి పోయిన మా ఆయన పేరు మీద కూర పంపుతున్నాను."

కోళ్ల బుట్ట ఇంకా భుజం మీదే ఉంది. వెనక్కి తిరిగి లారీలో పడేసినా సరిపోయేది.

"పూలు, అగరొత్తులు, నారింజపళ్లు. అంతే అక్కా."

ఆమె మొహం విప్పారింది. "నాకు తెలుసు! ఆ హలీమ్‌గాడి నోట్లో మన్ను పడ!" అంటూ బుట్ట దించడానికి తనే చెయ్యేసింది.

ఆ సాయంత్రం ఉపవాసం విడిచే వేళ మసీదు నుంచి బాంగు పిలుపు మెంగ్ చెవిన పడింది. ఎంతమంది ఆ కూరతో ముద్ద కలుపుతున్నారో! అప్పటికప్పుడే లారీని ఏటి ఒడ్డుకు తోలుకెళ్లి, మట్టి కలిపిన నీళ్లతో, తర్వాత ఉత్త నీళ్లతో తనకు తెలిసినట్టు కడిగాడు. లారీనైతే కడిగాడు గానీ, తినేసిన కూరనేం చేస్తాడు? ఆమెకు చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నాడో, అన్నిసార్లూ రేపు చెబుదాంలే అని వాయిదా వేశాడు. చివరికి మోకాలి నొప్పని చెప్పి ఆ వీధి సరుకును మరో డ్రైవరుకి అప్పగించి, తను వేరే దారి తీసుకున్నాడు. మరి ఆ దారిలో హోటళ్లవాళ్లది తిండి కాదా?

ఉపవాసాలు ముగిసి పండగ వచ్చింది. మలయ్‌వాళ్లు ఆ రోజున ఒకరినొకరు క్షమించమని అడుగుతారు. ఏ తప్పుకి అని ఎవరూ ఆరా తియ్యరు. కల్సోం అక్క కొత్త బట్టలు కట్టుకుని, గిన్నెనిండా మాంసం కూర పట్టుకుని మెంగ్ ఇంటి గేటు దగ్గరికి వచ్చింది. అరచెయ్యి గుండెకు ఆనించుకుంది.

"తమ్ముడూ, ఆ రోజు నిన్నలా అడక్కుండా ఉండాల్సింది. మోకాలు నొప్పంటే నమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? ఇన్నేళ్ల మనిషిని దొంగలా నిలబెట్టాను. అందుకే కదూ నా గుమ్మం తొక్కడం మానేశావు? తప్పు నాదే. క్షమించు."

మెంగ్ గేటు తీసుకుని ముందుకొచ్చాడు. "అక్కా, నువ్వే నన్ను క్షమించాలి."

ఆ మాట అంత మనసారా అతను జన్మలో అనలేదు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

"పండగ మర్యాదలు నీకూ బాగానే వంటబట్టాయే!"

"కాదక్కా, నిజంగానే..."

"నిజంగానే క్షమించాను, సరేనా? అన్నీ క్షమించాను. పండగయ్యాక కొట్టు తెరిచే రోజునుంచి కోళ్లు మళ్లీ నువ్వే తేవాలి. ఆ కొత్తవాడికి నవ్వడం కూడా రాదు!"

గిన్నె అతని చేతుల్లో పెట్టి, గుండెలో బరువు దిగినట్టు తేలిగ్గా నడుచుకుంటూ వెళ్లింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె పిలిస్తే వినపడే దూరంలోనే ఉంది. మెంగ్ పిలవలేదు. కొట్టు తెరిచిన రోజు పొద్దున్నే కోళ్లు ఎక్కించుకుని ఆమె గుమ్మానికే వెళ్లాడు.