వెనక్కి తిరిగిన బాణం

మా అన్నయ్య టైరు వేస్తే ఇక చూసుకోనక్కర్లేదని ఊళ్ళో అందరూ అంటారు. నేనూ చూసుకోలేదు. నేను చేసిన తప్పు అదొక్కటే. మూడు నెలలపాటు ఇంటిల్లిపాదీ నా నెత్తిన వేసిన తప్పు మాత్రం వేరు.

ఆడవాళ్ళకు మోటారుసైకిలు నేర్పే స్కూల్లో నేను టీచర్ని. పదకొండేళ్ళుగా మైదానంలో సున్నం గీతల మధ్య, వరసగా పేర్చిన డబ్బాల చుట్టూ బళ్ళు తిప్పిస్తున్నాను. నాకు బండి నేర్పింది అన్నయ్యే. అతనికి ఇరవై ఏళ్ళుగా టైర్ల షాపు ఉంది. వచ్చేపోయేవాళ్ళు చక్రాల డాక్టరని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొత్త టైరు వేసిన ప్రతిసారీ బండి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడు.

"ఇదిగో, ఈ నాలుగంకెలు టైరు పుట్టినరోజు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పాతబడితే రబ్బరు గట్టిపడిపోద్ది, తడి రోడ్డు మీద నిలబడదు. ఇదిగో బాణం. చక్రం ఇటే తిరగాలి, అప్పుడే ఈ గాడులు నీళ్ళని బయటికి నెడతాయి. వంద కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. కొత్త రబ్బరు మీద జిడ్డుంటది. అది అరిగేదాకా రోడ్డుని పట్టుకోదు."

ఈ పాఠం నాకు ఎక్కాల్లాగా కంఠతా వచ్చు. మైదానంలో నేను చెప్పేదీ ఇదే, అతని మాటల్లోనే.

నా బండి వెనక టైరు అరిగిపోయినప్పుడు అన్నయ్యే బండిని షాపుకి తీసుకెళ్ళి, తర్వాత నాకు కబురు పెట్టాడు. వెళ్ళేసరికి టైరు వేసేసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. కొత్త టైరు నల్లగా నిగనిగలాడుతోంది.

"ఎంతన్నయ్యా?" అన్నాను.

"చెల్లెలి దగ్గర తీసుకుంటానా? పో, పోయి పని చూసుకో," అన్నాడు.

ఆ రోజు అంకెలూ చూపించలేదు, బాణమూ చూపించలేదు. తెలిసినదానికి మళ్ళీ పాఠమెందుకనుకున్నాడులే అనుకున్నాను. పైగా దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు కదా.

రెండో రోజు నుంచే నాకేదో తేడా తెలిసింది. మలుపులో బండి వంచినప్పుడు వెనక చక్రం నాతో రావడం లేదు. బ్రేకు తొక్కితే ఆగడానికి ముందు కొంచెం జారుతోంది. అన్నయ్యకి ఫోన్ చేశాను.

"కొత్త టైరు మీద జిడ్డే, నీకు తెలీనిదా? వంద కిలోమీటర్లు పోతే అదే సర్దుకుంటది," అన్నాడు.

నిజమే కదా అనుకున్నాను. వంద దాటింది. రెండొందలు దాటింది. మళ్ళీ ఫోన్ చేయడానికి సిగ్గేసింది. పదకొండేళ్ళుగా నేర్పే మనిషికి టైరు అలవాటు పడలేదంటే ఏం బాగుంటుంది? నా చేతులే బాగోలేవేమో అని కూడా ఒకసారి అనిపించింది. ఆ అనుమానమే నన్ను తినేసింది.

ఒక ఉదయం సన్నగా చినుకులు పడుతున్నాయి. అమ్మ నా వెనక కూర్చుంది. అమ్మ బట్టలు కుడుతుంది. కుట్టిన గౌన్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఇచ్చి రావడానికి బయల్దేరింది. బడి ప్రహరీ పక్క మలుపులో బండి పాతిక స్పీడు కూడా లేదు. నేను కొంచెం వంచాను, అంతే. వెనక చక్రం కాళ్ళ కింద చాప లాగేసినట్టు పక్కకి పోయింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. అమ్మ కుడి మణికట్టు విరిగింది.

అన్నయ్య ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే అమ్మని చూడకముందే నన్ను అడిగాడు.

"వెనక బ్రేకు గట్టిగా తొక్కావా?"

"లేదన్నయ్యా."

"తొక్కే ఉంటావు. తడి రోడ్డు మీద కంగారులో తొక్కేస్తారు. గుర్తుండదు."

అమ్మ మంచం మీద నుంచి విని, "దానికి చిన్నప్పట్నుంచీ తొందరేరా," అంది. ఆ రోజు నుంచి అదే ఖాయమైపోయింది. కట్టు మార్చినప్పుడల్లా, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉండటం చూసినప్పుడల్లా, అమ్మ నా తొందర సంగతి ఎత్తేది. అన్నయ్య పక్కనే కూర్చుని వినేవాడు. "పోనీలే అమ్మా, దాన్నేమీ అనకు," అని నన్ను వెనకేసుకొచ్చేవాడు కూడా. ఎంత మంచివాడో అనుకున్నాను.

స్కూలు నడిపే మేడమ్ నన్ను మైదానం నుంచి తప్పించి, దరఖాస్తులు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "పాతిక స్పీడులో తల్లిని పడేసిన టీచర్ దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అంది. అన్నయ్యేమో బండి అమ్మేద్దామని పట్టుకున్నాడు. "నేనే అమ్మిపెడతాను, నువ్వు షాపు దగ్గర వదిలేసి పో. దాన్ని చూస్తే అమ్మకి బాధ కదే." నేను మాత్రం ఇవ్వలేదు. మెట్ల కింద దుప్పటి కప్పి ఉంచాను.

మూడు నెలలకి మేడమ్ ఆఖరి మాట చెప్పింది. సోమవారం తన కళ్ళ ముందు నీళ్ళు చల్లిన గీతల మధ్య డబ్బాల చుట్టూ బండి తిప్పి చూపించాలి. తిప్పితే మైదానం నాది. లేకపోతే కొత్త టీచర్ని తీసుకుంటుంది, నేను బల్ల దగ్గరే ఉండిపోవాలి. శుక్రవారం మధ్యాహ్నం దుప్పటి తీసి చూస్తే, వెనక చక్రంలో బొత్తిగా గాలి లేదు. అన్నయ్య షాపు ఊరికి అవతలి పక్క. మా వీధి చివర కొత్తగా ఇంకో టైరు షాపు పెట్టారు, దాని దగ్గరికి తోసుకుంటూ వెళ్ళాను.

ఆ షాపాయన ముసలాయన, మాట కటువు. చక్రం విప్పి కింద పడుకోబెట్టి, ఒక్క క్షణం చూసి చప్పరించాడు.

"ఎవరమ్మా వేసింది? పని రాని వెధవెవడో వేశాడు."

నాకు ఒళ్ళు మండింది. "మాట జాగ్రత్తండీ. ఇరవై ఏళ్ళ అనుభవం ఆయనది. మీరు షాపు తెరిచి ఆర్నెల్లు కాలేదు."

"ఇరవయ్యో ముప్పయ్యో నాకు తెలీదు. బాణం చూసుకో," అన్నాడు ఆయన, గుడ్డతో టైరు పక్క తుడుస్తూ.

బాణం వెనక్కి ఉంది. నేను వంగి చూశాను, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూశాను. టైరు తిరగేసి వేశారు. గాడులు నీటిని బయటికి నెట్టే బదులు లోపలికి లాగుతాయి.

"పొరపాటయి ఉంటుంది," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆయన బొటనవేలి గోరు టైరు మీద నొక్కాడు. గోరు దిగలేదు. "రాయి. ఇది రబ్బరు కాదమ్మా, రాయి. పైన నల్లరంగు పాలిష్ కొట్టారు, అంతే." చక్రం తిరగేసి, సైలెన్సర్ వైపుండే పక్క తుడిచాడు. అక్కడున్నాయి నాలుగంకెలు. నేనే చదివాను. నా బండికి ఐదేళ్ళు. ఆ టైరు దానికంటే నాలుగేళ్ళు పెద్దది.

ఆయన నీళ్ళ గ్లాసు ఇచ్చాడు. నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. పాత టైరంటే తెలియక వేశాడనుకోవచ్చు. ఎవరో అంటగట్టారనుకోవచ్చు. కానీ చక్రాల డాక్టరు బాణం తప్పుగా వేస్తాడా? బాణం సరిగ్గా పెడితే అంకెలు బయటి వైపుకి వస్తాయి, రోజూ నా కళ్ళ ముందు ఉంటాయి. తిరగేస్తే సైలెన్సర్ వెనక దాక్కుంటాయి. చూడకూడదనే తిప్పాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినా నేను ఊరుకునేదాన్నేమో. ఇతను నా కళ్ళు మూశాడు.

ఆ టైరుని చక్రం నుంచి విప్పించి, చేత పట్టుకుని ఆటో ఎక్కి అన్నయ్య షాపుకి వెళ్ళాను. అతను ఎవరికో పాఠం చెబుతున్నాడు. "ఇదిగో, ఈ నాలుగంకెలు..." అంటున్నవాడల్లా నన్నూ, నా చేతిలో టైరునీ చూసి ఆగిపోయాడు. ఆ మనిషిని పంపించేదాకా ఆగాను. తర్వాత టైరు అతని కాళ్ళ దగ్గర పడేశాను.

"పాత సరుకు కలిసిపోయినట్టుందే. నేను చూసుకోలేదు," అన్నాడు.

"బాణం?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మళ్ళీ అడిగాను. నా వైపు చూడకుండా చెప్పాడు.

"నాలుగు టైర్లు అటక మీద ఉండిపోయాయి. బయటివాళ్ళకి వేస్తే పేరు పోద్ది. వాళ్ళు చూస్తారు, అడుగుతారు. నేనే కదా నేర్పింది చూడమని."

"నేనైతే?"

"నువ్వైతే చూడవు. నేను వేశానంటే చూడవు."

అంత సులభంగా చెప్పేశాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. "మిగతా మూడూ ఎవరికి వేశావు?"

"ఎవరికీ వేయలేదే. నువ్వు పడ్డ రోజే పారేశాను. ఒట్టు."

"పారేశావా? మరి నాది?"

వంగి కాళ్ళ దగ్గరున్న టైరుని పక్కకి జరపబోయాడు.

"ఊళ్ళోవాళ్ళ ప్రాణాలకి భయపడి మూడు టైర్లు పారేశావు. నాలుగోది నా బండికే ఉంచావు. నేను మళ్ళీ ఎక్కితే?"

"అందుకే అమ్మేయమన్నాను కదే!" అన్నాడు, నేనే ఏదో మొండితనం చేసినట్టు. "విప్పి మారిస్తే ఎందుకని అడుగుతావు. ఏమని చెప్పను?"

కంచే చేను మేయడమంటే ఏమిటో ఆ షాపులో నిలబడి తెలుసుకున్నాను. టైరు ఒక్కటే అయితే మర్చిపోయేదాన్నేమో. మూడు నెలలు అమ్మ నన్ను అన్న ప్రతి మాటా ఇతను పక్కన కూర్చుని విన్నాడు. జిడ్డు సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ నిజాన్నే అబద్ధంగా వాడి, రెండొందల కిలోమీటర్లు నన్ను నడిపించాడు.

"సాయంత్రం ఇంటికి రా. అమ్మకి నువ్వే చెప్పు," అన్నాను. "చెప్పకపోతే ఈ టైరు నీ షాపు గుమ్మానికి కట్టి, అంకెలు సున్నంతో దిద్దుతాను."

వచ్చాడు. అమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. అబద్ధం కలపలేదు, అంత వరకు మెచ్చుకోవాలి. బాణం సంగతి కూడా చెప్పాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి అమ్మ మొహం చూస్తున్నాను. మూడు నెలల మాటలన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటుందని ఎదురుచూశాను. నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను, సిగ్గు లేకుండా.

అమ్మ లేచి వెళ్ళి వాడి తల మీద ఎడమ చెయ్యి వేసింది.

"పోనీలేరా. నువ్వు కావాలని చేశావా ఏంటి? మానిపోయింది కదా. ఏడవకు."

వాడు నిజంగానే ఏడుస్తున్నాడు.

"అమ్మా, మరి నేనో?" అన్నాను.

"నిన్నిప్పుడు ఎవరేమన్నారే?" అంది అమ్మ, ఆశ్చర్యంగా. "వాడసలే కుమిలిపోతున్నాడు. నువ్వు కూడా కొంచెం చూసి నెమ్మదిగా నడపాల్సింది."

నేను అన్నయ్య వైపు చూశాను. ఒక్క మాట చాలు. దాని తప్పు లేదమ్మా అంటే చాలు. వాడు కళ్ళు తుడుచుకుని, "అవునే, తడి రోడ్డు కదా," అన్నాడు.

ఆ రాత్రి అన్నం ఎవరు వడ్డించారో, నేను తిన్నానో లేదో గుర్తు లేదు.

శనివారం మా వీధి చివర ముసలాయన దగ్గర కొత్త టైరు వేయించుకున్నాను. అంకెలు నేనే చదివాను, బాణం నేనే చూశాను, గోరు నేనే దింపాను. ఆయన విసుక్కోలేదు. పైగా, "అట్లా చూసుకోవాలి," అన్నాడు. కానీ ఎంత కొత్త టైరైనా జిడ్డు జిడ్డే. సోమవారానికి అది పోవాలి. ఆదివారం తెల్లవారాక బయల్దేరి ఊరి చుట్టూ తిరిగాను. ముందు నిటారుగా, తర్వాత కుడికి కొంచెం, ఎడమకి కొంచెం, అప్పుడు ఇంకొంచెం వంచుతూ. అన్నయ్య నేర్పినట్టే. నా చేతుల్లో ఉన్న విద్యంతా అతనిదే, దాన్ని ఎక్కడ పారేయను? ఎనభై కిలోమీటర్ల దగ్గర టైరు రోడ్డుని పట్టుకోవడం మొదలుపెట్టింది. వంచితే నాతో వచ్చింది. నా చేతులు బాగానే ఉన్నాయని అప్పుడు తెలిసి, రోడ్డు పక్కన బండి ఆపి గట్టిగా ఏడ్చాను.

సోమవారం మేడమ్ తన చేత్తోనే నీళ్ళు చల్లింది. ఒక్క డబ్బా కూడా తగలకుండా మూడుసార్లు తిప్పాను. "రేపట్నుంచి మైదానంలోకి రా," అంది.

కొత్త బ్యాచ్‌లో ఆరుగురు వచ్చారు. బండి ఎక్కనివ్వకుండా మొదట వాళ్ళని చక్రం పక్కన నేల మీద కూర్చోబెట్టాను. అంకెలు చదివించాను, బాణం వెతికించాను, గోరు నొక్కించాను. ఒకమ్మాయి మాత్రం చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడింది.

"ఇదంతా నాకెందుకు మేడమ్? మా బండికి టైర్లు మా అన్నయ్యే వేశాడు."

"అయితే రెండుసార్లు చూడు," అన్నాను.