తిట్టని అక్క

కౌన్సెలింగ్ కోర్సులో ఆవిడని అందరూ పెద్దక్క అనేవారు. నలభై దాటాక చదువు మీదికి మనసు మళ్లి, కూతుళ్ల ఈడు పిల్లల మధ్య వచ్చి కూర్చుంది. పాఠాలన్నీ కొట్టినపిండే. ప్రాక్టికల్ పరీక్షలోనే బోల్తా పడింది.

చిన్న గది, రెండు కుర్చీలు, గోడకి పెద్ద అద్దం. అవతలివైపుకి అది కిటికీయే; దాని వెనక నుంచి పరీక్ష పెట్టే మేడమ్ చూస్తుంటారు. కష్టంలో ఉన్న మనిషిగా నటించడానికి ఒక నాటకాల నటి వస్తుంది. ఆవిడ "మా అబ్బాయి ఇల్లు వదిలి వెళ్లిపోయాడండీ" అందో లేదో, పెద్దక్క అందుకుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏమనాలో అంతా చెప్పి, వేళకి తినమని కూడా చెప్పి పంపింది.

"సలహాలు బంగారంలా ఉన్నాయి. కానీ ఆవిడ అడగలేదుగా?" అన్నారు మేడమ్. "మళ్లీ పరీక్షకి రావాలి మీరు."

పెద్దక్క మనసు చివుక్కుమంది. "నేనడిగానా అక్కా?" అనే కదా చెల్లెలు కూడా ఫోన్ పెట్టేసింది! అమ్మ పోయాక జడలేసి, అన్నం పెట్టి పెంచిన పిల్ల. ఆ పిల్ల పెళ్లి పెటాకులైనప్పుడు పెద్దక్క పూటపూటా ఫోన్ చేసి బుద్ధులు చెప్పేసరికి విసిగిపోయింది. అప్పట్నుంచి రెండేళ్లుగా పలకరింపు లేదు. ఇప్పటికీ బట్టల కొట్లో నీలం రంగు కనిపిస్తే పెద్దక్క చెయ్యి దానంతటదే అటు పోతుంది. అది చెల్లెలికి నప్పే రంగు.

ఊరుకోవడం ఇంట్లోనే సాధన చేసింది. భర్త కంగారుపడి థర్మామీటరు పట్టుకొచ్చాడు.

రెండోసారి పరీక్షలో అదే నటి ఇంకో మనిషిగా వచ్చి, "మా ఆయన పోయినప్పట్నుంచి ఇంటికి వెళ్లాలనిపించదండీ" అంది. పెద్దక్కకి నాలుక దురద పెట్టింది. ఓర్చుకుని, "వెళ్తే ఎలా ఉంటుంది?" అని మాత్రం అడిగి ఊరుకుంది. చాలాసేపటికి ఆవిడ, "తలుపు తాళం నేనే తీసుకోవాలి" అంది. పెద్దక్క తలాడించింది.

"ఇవాళ ఆవిడని మాట్లాడనిచ్చారు. పాసయ్యారు" అన్నారు మేడమ్.

వరండాలోకి రాగానే చెల్లెలికి ఫోన్ చేసింది. మోగి మోగి, ఇక ఎత్తదనుకుంటుండగా, "చెప్పక్కా" అని వినిపించింది.

"ఏం లేదే. నీ గొంతు విందామని."

చెల్లెలు ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టింది. ఉద్యోగం మానేసిందిట. చిన్న గదికి మారిందిట. మధ్యమధ్య దగ్గుతోంది. పెద్దక్క ఊఁ కొడుతూనే ఉంది.

"ఒంటరిగా అనిపిస్తోందా?" అని మెల్లగా అడిగింది.

"ఏంటక్కా, పరాయిదానిలా మాట్లాడుతున్నావు?"

"అడగందే చెప్పొద్దన్నావు కదే."

"అన్నాను. ఇప్పుడు అడుగుతున్నా. ఒకసారి తిట్టు."

రెండేళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి. చివరికి, "ఆ దగ్గేంటే మొద్దూ, డాక్టరుకి చూపించుకోవూ?" అంది.

అవతల నవ్వో ఏడుపో తెలియలేదు.

"రేపు బయల్దేరి వస్తానే."

"ఇప్పుడే వద్దక్కా. ఫోన్ మాత్రం చెయ్యి."

సరేనంది పెద్దక్క. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.