మా ఇంట్ల కరెంటు పోదు

నేను ఒక ఇన్వర్టర్‌ని. డాబా మీది సోలార్ పలకలు పట్టిన ఎండను ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చి, మిగిలింది వీధి తీగలోకి పంపడం నా పని. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు నాకొక కట్టుబాటు పెట్టారు: వీధి తీగ చచ్చిందంటే నువ్వూ చావాలి. లేకపోతే స్తంభం ఎక్కినవాడు చస్తాడు.

హన్మకొండలో ఒక కాలనీ చివరి ఇంట్లో, వరండా గోడకు నన్ను తగిలించారు. ఇంటాయన సారయ్య రిటైరైన బస్సు డ్రైవర్. నేను వచ్చాక ఆయన నడకే మారిపోయింది. సాయంత్రాలు ఇరుగుపొరుగును డాబా ఎక్కించి, “ఇన్నేండ్లు కరెంటు కొన్నం. ఇగ మనమే అమ్ముతం. బొగ్గు కాలం అయిపోయింది, ఇప్పుడు ఇంటికో కరెంటాఫీసు!” అనేవాడు. సూర్యుడు తన బస్సులో కండక్టరన్నట్టే మాట్లాడేవాడు. వినగా వినగా ఇంకో నాలుగు డాబాల మీద పలకలు లేచాయి.

మొదటి వేసవిలోనే గాలిదుమారానికి కరెంటు పోయింది. నేనూ ఆగిపోయాను. పైన ఎండ మండుతోంది, కింద ఫ్యాను తిరగడం లేదు. సారయ్యకు తల కొట్టేసినట్టయింది.

“ఎండ నాది, డాబా నాది. వాళ్ల తీగ తెగితే నాకెందుకు బందు కావాలె?”

చిన్న జనరేటర్ తెచ్చి, దాని వైరు ఇంటి ప్లగ్గులో గుచ్చాడు. ఆ కరెంటు తగలగానే వీధి తీగకు ప్రాణం వచ్చిందనుకుని నేను మేల్కొన్నాను. నాకు తేడా తెలియదు.

“మెయిన్ బందు చేసినవా?” అని భార్య వినోద ప్రతిసారీ అడిగేది.

“చేసిన తియ్యి.”

చేసేవాడు కూడా. మెయిన్ దించితే ఇంట్లో పుట్టిన కరెంటు వీధి తీగలోకి పోదు. ఈ కిటుకు ఆ నాలుగిళ్లకూ నేర్పాడు.

ఒక మధ్యాహ్నం కొమ్మ విరిగిపడి మా ఇంటి ముందు తీగ తెగింది. లైన్‌మన్ గౌస్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి వచ్చి స్తంభం ఎక్కాడు. వినోద ఇంట్లో లేదు. సారయ్య జనరేటర్ వేసి, మెయిన్ దించడం మరిచిపోయాడు. నాలోంచి కరెంటు ఇల్లు దాటి, తెగిన తీగ కొసదాకా పోయి నిలబడింది.

గౌస్ చెయ్యి చాచాడు.

“నిదానంగ చెయ్ గౌసూ!” డాబా మీదినుంచి సారయ్య కేకేశాడు. “ఊరంత పోయినా మా ఇంట్ల కరెంటు పోదు!”

చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

గౌస్ దిగివచ్చి, మెయిన్ దించి, వరండాలో కూలబడ్డాడు. సారయ్య ఇచ్చిన నీళ్లు తాగి, “సాబ్, మీరు కేకెయ్యకపోతే నేనిప్పుడు ఆ తీగకు ఏలాడుతుంటి,” అన్నాడు.

జనరేటర్ ఆ సాయంత్రమే ఇల్లు దాటింది. వాళ్లవీ తీసెయ్యమని సారయ్య నాలుగిళ్లకూ వెళ్లి బతిమాలాడు. వాళ్లు నవ్వారు: “నువ్వు మరిచిపోయినవ్ కాకా. మేం మరుస్తమా?”

ఇవాళ మళ్లీ దుమారం లేచింది. నేను ఆగిపోయాను. కాసేపటికి పక్క వీధిలో ఒక జనరేటర్ గుర్రుమంది. తర్వాత రెండోది. సారయ్య చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. “మెయిన్ బందు చెయ్యుండ్రి!” అని తలుపులు బాదుతున్నాడు. ఆ మోతలో ఎవరికీ వినపడడం లేదు.

మూడోది కూడా మొదలైంది. మలుపు దగ్గర గౌస్ తన బండి ఆపి, స్తంభం వైపు తలెత్తి చూశాడు.