చివరి పేజీ మాత్రమే చదివాను

ఏ పుస్తకమైనా నేను చివరి పేజీ ముందు చదువుతాను. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో తెలిశాకే మొదటికి వెళ్తాను. ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయింది కానీ ఈ అలవాటు ఆగలేదు.

ఆ రోజు మా అమ్మాయి ప్రసన్న బడి పిల్లలందరూ మహానందికి వెళ్లారు. దాన్ని నేను పంపలేదు. పదకొండేళ్ల పిల్ల. అక్కడ గుడి కోనేటి నీళ్లలో దిగుతారు. పాచి ఉంటుంది, కాలు జారుతుంది. అంతమందిలో ఒక్క పిల్లను ఎవరు చూస్తారు? పొద్దున అది ఏడవలేదు, అలగలేదు. లైబ్రరీ పుస్తకం తీసుకుని చాప మీద బోర్లా పడుకుంది. ఏడ్చి ఉంటే నాకు నిమ్మళంగా ఉండేది.

ఫాల్ కుట్టిన చీరలు ఇవ్వడానికి నంద్యాలలోనే నూనెపల్లెకు వెళ్లాను. గంటన్నరలో తిరిగొచ్చేసరికి తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. చాప మీద పుస్తకం ఉంది. పిల్ల లేదు.

పుస్తకం తీశాను. వేళ్లు వాటంతట అవే చివరికి పోయాయి. 'పాప వెనక్కి తిరిగి చూడలేదు. రాతి తలుపు మూసుకుంది. ఇక ఆ తలుపు ఎవరికీ తెరుచుకోలేదు.'

 గబగబా తిరగేస్తే మధ్యలో ఒక బొమ్మ కనబడింది. సగం చెక్కిన రాతి ముఖం, దాని ముందు ఒక చిన్నపిల్ల. 'ఇవతల ఎవరెవరు ఉన్నారో, అవతలి లోకంలోనూ వాళ్లే ఉంటారు' అని కింద ఉంది. పక్కనే పెన్సిల్‌తో మా పిల్ల రాత: ఆళ్లగడ్డ. రాతి విగ్రహాలు చెక్కే ఊరు.

బీరువా తెరిచాను. దాని ఆధార్ కార్డు లేదు.

పక్కింటి జాన్‌బీ గోడ మీదుగా తొంగి చూసింది. "బస్టాండు దిక్కు పోతాంటే సూసినాక్కా. యాడికే అంటే ఈడికే అనింది."

"ఆపాలని తెలీదా నీకు?"

"నీకు చెప్పే పోతాంది అనుకుంటి. నీకు చెప్పకుండా ఆ పిల్ల దగ్గనన్నా దగ్గుతుందా?"

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అన్నప్పుడు వీధిలో అందరికంటే నేనే సంతోషించాను. కార్డు చూపించి పిల్లలు కూడా ఎక్కెయ్యొచ్చని తోచలేదు. లోకంలో ఉన్న భయాలన్నీ పడ్డాను, ఈ ఒక్కటి తప్ప.

ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను కానీ కూర్చోలేకపోయాను. ఎదురొచ్చే ప్రతి లారీని, పొలాల్లో ప్రతి బావినీ చూశాను. మా ఆయన డోన్‌లో లారీకి లోడు ఎక్కిస్తున్నాడు. ఆయనకు చేద్దామని ఫోను తీశాను, సంచిలో పెట్టాను, మళ్లీ తీశాను.

"కూచోమ్మా," అన్నాడు కండక్టరు. "నువ్వు నిలబడితే బస్సేం తొందరగా పోదు."

ఆళ్లగడ్డలో రోడ్డు వెంబడి విగ్రహాలు చెక్కే పాకలు. ఉలి చప్పుడు నేరుగా తలలోకి దిగుతోంది. మూడు పాకల్లో లేదన్నారు. నాలుగో దాంట్లో, జుట్టంతా రాతిపొడితో, సగం చెక్కిన మనిషెత్తు రాయికి చెవి ఆనించి కూర్చుని ఉంది నా బిడ్డ.

కొట్టడానికి ఎత్తిన చెయ్యి దాన్ని వాటేసుకుంది.

చెక్కుతున్న పెద్దాయన ఉలి కింద పెట్టాడు. చెన్నకేశవులు అట. "నీ బిడ్డేనామ్మా? గంట నుంచి ఆ రాయితోనే మాట్లాడతాంది. నంబరు చెప్పు పాపా అంటే, ఫోన్ చేస్తే మాయమ్మ ఇంకా లేనిపోనివన్నీ అనుకుంటాది అంటాది. ఈ పనైనాక నేనే తోడొచ్చి దిగబెడదామనుకుంటి."

"ఏం మాట్లాడతాండావే రాయితో?"

"అవతలి లోకంలో ఇంగొక నేను ఉంటా కదమా," అంది ప్రసన్న. "ఆ యమ్మినన్నా మహానందికి పంపిచ్చినారా లేదా అని అడుగుతాంటి."

దాని జుట్టులో రాతిపొడి దులిపాను. "ఏమనింది?" అన్నాను.

"ఏమన్లా. దానికింకా కండ్లు చెక్కల్యా కదా."

"కండ్లు ఆఖర్నే తెరుస్తాం," అన్నాడు పెద్దాయన, ఉలి మళ్లీ అందుకుంటూ.

తిరుగు బస్సులో దాన్ని కిటికీ వైపు కూర్చోనివ్వలేదు. "నువ్వు గూడా ఆ పుస్తకంలో పిల్ల మాదిరి పోయింటే? తలుపు మూసుకునుంటే నా గతేంది?"

"ఆ యమ్మి యాడికి పోయింది?"

"తిరిగి రాలేదు కదా. చివర్న ఉంది."

ప్రసన్న నన్ను ఎగాదిగా చూసింది. "ముందర చదవకుండానే చెప్తాండావా? ఆ యమ్మి అవతలి లోకం నుంచి ఇంటికొచ్చేసింది మా. వాళ్లమ్మ పిలిస్తే ఉరికొచ్చింది. అందుకే వెనక్కి చూడల్యా. మూసుకుంది అవతలి లోకం తలుపు."

నంద్యాల నుంచి చంకలో పెట్టుకు తిరిగిన పుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచాను. కుదుపుకు అక్షరాలు నిలవడం లేదు. బొటనవేలు మాత్రం చివరికి పోతూనే ఉంది. దాన్ని ప్రసన్న తన వేలితో నొక్కిపట్టింది.

"ఆదివారం పోదాం మహానందికి," అన్నాను. "నేనూ వస్తా. నీళ్లల్లో మోకాళ్ల దాకానే."

"నడుము దాకా."

"మోకాళ్లు."

"చెయ్యి పట్టుకో నువ్వు. నడుము దాకా."

శిరివెళ్ల దగ్గర మలుపులో బస్సు ఒరిగింది. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఇప్పుడు కాదు మా," అంది. "ఆదివారం."