దుమిత్ర పేరిట మాత్ర

సాఫ్తా పెద్దమ్మ వేలి నుంచి తీసిన రక్తపు చుక్క యంత్రంలో పడ్డాక ఒకటి పాయింట్ ఒకటి అని చూపించింది. నమ్మలేక ఇంకో వేలు పొడిచాను. మళ్ళీ అదే.

గుండె తాళం తప్పి కొట్టుకునే వాళ్ళకు, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నప్పుడు, ఆ అంకె రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. తగ్గిందంటే గుండె గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి ఏదో ఒక పొద్దున మెదడుకు ఎక్కుతుంది. పెరిగిందంటే చిన్న గీత పడ్డా రక్తం ఆగదు. నాలుగేళ్ళుగా మా ఊళ్ళో ప్రతి మంగళవారం నా పని ఇదే. వేలు పొడవడం, అంకె చూడటం, పట్నంలో డాక్టరమ్మకు ఫోన్ చేయడం, ఆవిడ చెప్పినట్టు మాత్రను సగమో ముప్పావో చేసి వారానికి సరిపడా డబ్బాలో పెట్టడం.

"మాత్ర వేసుకుంటున్నావా పెద్దమ్మా?"

"కళ్ళు కనపడటం లేదా? డబ్బా ఖాళీ అయిందిగా."

నిజమే, ఏడు గళ్ళూ ఖాళీ. యంత్రం సంచిలో పెట్టుకుని లేచాను. ఆ ఇంట్లో చావు జరిగి అప్పటికి పంతొమ్మిది రోజులే అయింది.

చనిపోయింది ఆమె చెల్లెలు దుమిత్ర. ఇద్దరికీ అదే గుండె, అదే మాత్ర. శీతాకాలం చివర్లో ఒకరోజు దుమిత్రకు ముక్కులోంచి రక్తం కారింది. సాఫ్తా భయపడి, "ఈ ఎలకల మందు నిన్ను తోడేస్తోందే" అంటూ చెల్లెలి డబ్బాను పొయ్యిలో పడేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే యంత్రంలో పెట్టే పట్టీలు పట్నం నుంచి రాలేదు. మూడు వారాలు నేను ఎవరి వేలూ పొడవలేదు, ఎవరి గడపా తొక్కలేదు. నాలుగో వారం దుమిత్ర మొక్కజొన్న సంకటి గెలుకుతుండగా తెడ్డు జారిపోయింది. కుడిచెయ్యి పడిపోయింది, నోరు పక్కకు లాగేసింది. పదకొండో రోజున పోయింది. ఆ పదకొండు రోజులూ ఆమె అక్క వైపే చూస్తూ ఉంది, ఒక్క మాట లేకుండా.

నేను గేటు దాటుతుంటే పక్కింటి ఇలారియే బాబాయ్ ఎదురొచ్చాడు. దవడకు తువ్వాలు అదిమి పట్టుకున్నాడు. తువ్వాలు సగం ఎర్రగా ఉంది.

"ఏమైంది బాబాయ్?"

"గడ్డం గీసుకున్నానే ఇలీంకా. పెళ్ళిచూపులకు పోదామని."

"ఎవర్ని చూడటానికి?"

"ఎవరైనా పర్లేదు, పళ్ళుంటే చాలు. పొద్దున తెగింది, మధ్యాహ్నమైనా ఆగదేం?"

ఆయన చొక్కా చేయి పైకి తోశాను. మోచేతి దాకా నల్లగా కమిలిన మచ్చలు. పొద్దున బ్రష్ వేస్తే చిగుళ్ళు కూడా కారుతున్నాయన్నాడు. అక్కడే గోడ మీద కూర్చోబెట్టి వేలు పొడిచాను. మూడు పాయింట్ ఆరు. ఆయన గుండె గడియారంలా కొట్టుకుంటుంది. ఆ మాత్ర ఆయన జన్మలో చూసి ఉండడు.

"ఏం మింగుతున్నావు నువ్వు?"

"సారా."

"బాబాయ్!"

ఆయన సాఫ్తా కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "చనిపోయినవాళ్ళ పేరిట ఇచ్చింది వద్దనకూడదు కదే పిల్లా. నీళ్ళతో పాటు ఇస్తోంది. మింగుతున్నాను."

మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే నలభై రోజుల పాటు పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు, వెలిగించిన కొవ్వొత్తితో పక్కింటికి పట్టుకెళ్ళి పోయినవాళ్ళ పేరు చెప్పి ఇస్తారు. తీసుకున్నవాళ్ళు "దేవుడు ఆమెను మన్నించుగాక" అని, చుక్క మిగలకుండా తాగాలి. ఇక్కడ గొంతు దిగింది అక్కడ వాళ్ళకు చేరుతుంది. తాగకపోతే చేరదు. సాఫ్తా ఆ చెంబుతో పాటు తన మాత్ర ఇస్తోంది.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఆమె బల్ల దగ్గర చిక్కుడు గింజలు ఏరుతోంది.

"వాగేశాడా?" అంది తలెత్తకుండా.

"ఆయన చచ్చిపోతాడు పెద్దమ్మా. రోజూ గొడ్డలి పట్టుకునే మనిషి. నువ్వూ పోతావు."

"గట్టిగా మాట్లాడకు. గేటు దగ్గరే ఉంది."

"ఎవరు?"

"ఎవరంటావేంటి? రోజూ పొద్దున నీళ్ళ వేళకు వస్తుంది. మొదట్లో చెయ్యి వేలాడేసుకుని వచ్చేది. మాత్ర మొదలెట్టాక ఆరో రోజున వేళ్ళు కదిపింది. నిన్న శాలువా తనే సర్దుకుంది." అప్పుడు నా వైపు చూసింది. "చేరుతోందే. బాగవుతోంది. ఇప్పుడు మానెయ్యమంటావా? మళ్ళీ పడేయమంటావా దాన్ని?"

"సరే, ఆమెకు వేరే తెస్తాను. నీది నువ్వు వేసుకో."

"నాకెందుకు? పొయ్యిలో వేసిన చెయ్యి నాది. నా చెయ్యి పోతే పోనీ."

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. గింజల్లో తగిలిన రాయిని తీసి పక్కన పెడుతూ అంది.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఇద్దరి గురించీ చెప్పింది. ఇలారియేకు వెంటనే ఆపాలి, గొడ్డలి ముట్టుకోకూడదు, రక్తం ఆగకపోతే ఆసుపత్రికి పంపాలి. సాఫ్తాకు ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టాలి. "నచ్చజెప్పు" అంది. బల్ల ముందు కూర్చున్న ఆ ముఖాన్ని ఆవిడ చూడలేదు. ఇలారియే అయితే, "ఆమె ఇస్తే నేను వద్దనలేను, నాకూ పోయినవాళ్ళు ఉన్నారు" అన్నాడు. ఆ సాయంత్రమంతా సాఫ్తా ఎదురుగా కూర్చుని బతిమాలాను. ఆమె గింజలు ఏరుతూనే ఉంది.

మర్నాడు ఆమె కంటే ముందే బావి దగ్గరకు వెళ్ళాను. చెంబు నింపి, కొవ్వొత్తి వెలిగించి, అరచేతిలో మాత్ర పెట్టుకుని, ఇలారియే గుమ్మానికి కాదు, సాఫ్తా గుమ్మానికి వెళ్ళాను.

"పెద్దమ్మా, ఇది దుమిత్ర పేరిట. తీసుకో."

ఆమె తలుపు దగ్గర కొయ్యలా నిలబడింది. ఒకరి పేరిట నీళ్ళు మోసేది ఒక్కరే. నేను ఎత్తుకున్నాక ఆమె ఎత్తుకోకూడదు. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"ఇది మోసమే పిల్లా."

"అయితే వద్దని చెప్పు."

ఆమె నా భుజం మీదుగా గేటు వైపు చాలాసేపు చూసింది. తర్వాత మాత్ర నోట్లో వేసుకుని చెంబు ఎత్తి, చుక్క మిగలకుండా తాగింది.

"దేవుడు ఆమెను మన్నించుగాక."

నేను రోజూ వెళ్ళాను. వానలోనూ, ఈస్టర్ రోజునా వెళ్ళాను. అంకె ఒకటి పాయింట్ నాలుగైంది, తర్వాత ఒకటి పాయింట్ తొమ్మిది, ఆ తర్వాతి మంగళవారం రెండు పాయింట్ మూడు. ఇలారియే మచ్చలు పసుపు రంగుకు తిరిగి మాసిపోయాయి. సాఫ్తా మాత్రం నాకు వేరే లెక్క చెప్పేది. ఇవాళ కుడిచేత్తో జుట్టు దువ్వుకుంది. ఇవాళ నోరు తిన్నగా ఉంది. ఇవాళ ఏదో చెప్పబోయింది.

నాకేమీ కనపడలేదు. కానీ ఆ ఇంటి కుక్క నన్ను చూడటం మానేసింది. నేను చెంబుతో రాగానే లేచి, నా పక్కన ఖాళీగా ఉన్న చోటుకు వెళ్ళి తోక ఊపేది. నేను అటు తిరిగి చూసేదాన్ని కాదు.

నలభయ్యో రోజున సాఫ్తా ఎండిన సొరకాయ బుర్రను సగానికి కోసి, లోపల తుడిచి నా చేతికిచ్చింది. అందులో కొవ్వొత్తి పెట్టి వాగులో వదిలి, మోసిన నీళ్ళకు వాగునే సాక్షిగా పెట్టాలి. అప్పుడు పోయినవాళ్ళు దారి దొరికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇవ్వడం ఉండదు.

"రేపటి నుంచి నీ మాత్ర నువ్వే వేసుకుంటావుగా?" అన్నాను.

ఆమె నవ్వింది. చెల్లెలు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. "దానికి బాగైంది. వెళ్ళిపోతుంది. ఇంక నాకు ఇక్కడేం పనుంది చెప్పు?"

వాగు దాకా నడవలేనని ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. తోడుగా ఇలారియే వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని. ఒడ్డున కొవ్వొత్తి వెలిగించాను. బుర్రను నీళ్ళ మీద పెట్టాను. వాగు దాన్ని లాగుతోంది, నా వేళ్ళు వదలడం లేదు. చన్నీళ్ళకు మణికట్టు దాకా తిమ్మిరెక్కింది.

"వదలవే" అన్నాడు ఇలారియే.

"వదిలితే ఆమె రేపు మింగదు బాబాయ్."

ఆయన టోపీ తీసి చేత్తో నలిపాడు. "ఆ దుమిత్ర మరి? దారి మధ్యలో నిలబడిపోతుందే. పాపం కాదూ?"

"పాపమే."

"నిన్నే అడుగుతుంది. నన్ను కాదు. నీళ్ళు మోసింది నువ్వు."

"తెలుసు."

నేను బుర్రను నీళ్ళలోంచి పైకి తీశాను. ఆయన కొవ్వొత్తి ఆర్పాడు. దారి పొడవునా నాకు రెండడుగుల దూరం పాటించాడు, నా పక్కన ఇంకొకరు నడుస్తున్నట్టు.

సాఫ్తా మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వదిలావా?"

"వాగు బురదగా ఉంది పెద్దమ్మా. బురదలో వదలకూడదుగా. తేటపడ్డాక."

ఇప్పుడు ఎండాకాలం కూడా అయిపోయి ప్లమ్ పళ్ళు రాలుతున్నాయి. వాగు ఎప్పుడో తేటపడింది, అడుగున రాళ్ళు కనిపిస్తాయి. సాఫ్తా అడగడం మానేసింది. ఒక్కసారి మాత్రం, మాత్ర మింగి చెంబు తిరిగిస్తూ, "అది అలిసిపోయిందే పిల్లా" అంది. నేను చెంబు కడగడానికి వెళ్ళిపోయాను. ఆ మంగళవారం అంకె రెండు పాయింట్ అయిదు.

పొద్దున్నే వెళ్తూనే ఉన్నాను. గేటు తెరిచి పట్టుకుని ఒక్క క్షణం పక్కకు తప్పుకుంటాను. దుమిత్ర ముందు వెళ్ళాక, నేను లోపలికి అడుగు పెడతాను.